రెండు గ్రాఫిక్స్ కార్డులున్నా గేమ్ తడబడుతోందా? జోడీని సరిచేయాలా, ఒకటి ఆపాలా, కొత్తది కొనాలా

స్క్రీన్ మూలలో 90 ఎఫ్‌పీఎస్ (సెకనుకు 90 ఫ్రేములు) అని కనిపిస్తుంది. కెమెరా తిప్పితే మాత్రం బొమ్మ తడబడుతుంది. ఇంకొందరి దగ్గర రెండో కార్డు అసలు పనే చేయదు, ఎంత పెద్ద గేమ్ పెట్టినా దాని వాడకం సున్నా దగ్గరే ఉంటుంది. మరికొందరికి 2015 నాటి గేములు వెన్నలా నడుస్తాయి, కొత్తవన్నీ మొరాయిస్తాయి. ఒకప్పుడు ఎంతో ఖర్చుపెట్టి, ఇష్టంగా కట్టుకున్న పీసీ ఇలా అయితే బాధగానే ఉంటుంది.

ఇప్పుడు చేయగలిగినవి నాలుగు. జోడీని సరిచేసి అలాగే నడపవచ్చు. ఒక కార్డును ఆపి ఒక్కదానితో ఆడుకోవచ్చు. రెండో కార్డుకు గేమ్ కాకుండా వేరే పని అప్పజెప్పవచ్చు. రెండూ అమ్మేసి ఒక కొత్త కార్డు కొనవచ్చు. నా అభిప్రాయం ముందే చెబుతాను: కేవలం గేముల కోసమే అయితే ఈ రోజు జోడీని కాపాడుకోవడానికి మిగిలిన కారణాలు చాలా తక్కువ. అయినా ఒక గంట పరీక్ష చేయకుండా ఏదీ అమ్మకండి, ఏదీ కొనకండి. చాలా సందర్భాల్లో డబ్బు ఖర్చు లేకుండానే సమస్య తీరుతుంది.

## ముందు, మీ పీసీ ఏ రకం?

"రెండు గ్రాఫిక్స్ కార్డులు" అనే మాట కింద మూడు వేర్వేరు యంత్రాలు వస్తాయి.

డెస్క్‌టాప్‌లో ఒక కార్డు, ప్రాసెసర్‌లోనే ఇంకో చిన్న గ్రాఫిక్స్. టాస్క్ మేనేజర్‌లో జీపీయూ 0, జీపీయూ 1 అని రెండు కనిపిస్తాయి. ఇవి కలిసి గేమ్ నడపవు. గేమ్ మరీ దారుణంగా నడుస్తుంటే ముందు క్యాబినెట్ వెనక్కి వెళ్లి మానిటర్ కేబుల్ ఎక్కడ పెట్టారో చూడండి. మదర్‌బోర్డు పోర్టులో ఉంటే తీసి కార్డు పోర్టులో పెట్టండి. కొత్తగా పీసీ బిగించుకున్నవాళ్లలో ఈ పొరపాటు చాలా మామూలు.

గేమింగ్ ల్యాప్‌టాప్. ఎన్‌విడియా 2010లో ఆప్టిమస్ తెచ్చినప్పటి నుంచి పద్ధతి ఇదే: గేమ్‌ను పెద్ద చిప్ గీస్తుంది, ఆ ఫ్రేమ్ చిన్న చిప్ మీదుగా తెరకు చేరుతుంది. విండోస్ సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్‌లోకి వెళ్లి, ఆ గేమ్‌ను ఎంచుకుని "హై పెర్ఫార్మెన్స్" పెట్టండి. చార్జర్ పెట్టే ఆడండి, బ్యాటరీ మీద పెద్ద చిప్‌కు అందే కరెంటు బాగా తగ్గిపోతుంది. మీ మోడల్‌లో మక్స్ స్విచ్ ఉంటే ఆడేటప్పుడు పెద్ద చిప్‌ను నేరుగా తెరకు కలపండి. అది లేకపోతే బయటి మానిటర్ పెట్టి చూడండి. చాలా ల్యాప్‌టాప్‌లలో హెచ్‌డీఎంఐ పోర్టు పెద్ద చిప్‌కే నేరుగా కలిసి ఉంటుంది.

ఈ రెండు రకాలవాళ్లకు పని దాదాపు ఇక్కడితో అయిపోతుంది. మిగతాదంతా మూడో రకం కోసం: ఎస్‌ఎల్‌ఐ లేదా క్రాస్‌ఫైర్‌తో రెండు పెద్ద కార్డులు కలిపిన డెస్క్‌టాప్. ఉదాహరణకు నేను ఎక్కువగా జీటీఎక్స్ 1080 టీఐ జోడీని తీసుకుంటాను. ఎస్‌ఎల్‌ఐ బాగా నడిచిన చివరి తరం అదే, ఇప్పటికీ ఎందరో దాన్ని నడుపుతున్నారు.

## జోడీ ఎందుకు చతికిలపడింది

ఎన్‌విడియా ఎస్‌ఎల్‌ఐ 2004లో వచ్చింది, ఏటీఐ (ఇప్పుడది ఏఎండీలో భాగం) క్రాస్‌ఫైర్ 2005లో. రెండూ ఎక్కువగా వాడిన పద్ధతి ఒకటే: ఒక ఫ్రేమ్ మొదటి కార్డు, తర్వాతి ఫ్రేమ్ రెండో కార్డు, మళ్లీ మొదటిది. ఏ ఫ్రేమ్ ఎవరిది అన్నది డ్రైవర్ చూసుకునేది. అందుకు ప్రతి గేమ్‌కూ కంపెనీ ఒక ప్రొఫైల్ రాయాలి.

ఈ పద్ధతికి ఒక షరతుంది. ఒక ఫ్రేమ్ గీయడానికి ముందు ఫ్రేమ్‌తో పని ఉండకూడదు. ఇప్పటి గేముల్లో అంచుల గరుకుదనం తగ్గించే టీఏఏ పాత ఫ్రేమ్ చూడకుండా పనిచేయదు. కాంతి, ప్రతిబింబాల లెక్కలు కూడా చాలావరకు పాత ఫ్రేమ్ మీదే ఆధారపడతాయి. ఆ సమాచారం మొదటి కార్డు నుంచి రెండోదానికి చేరేదాకా రెండోది ఖాళీగా కూర్చోవాలి. గేమ్ కార్డుతో మాట్లాడే డైరెక్ట్‌ఎక్స్ 12, వల్కన్ పద్ధతులు వచ్చాక రెండు కార్డుల మధ్య పని పంచే బాధ్యత డ్రైవర్ నుంచి గేమ్ తయారుచేసేవాళ్ల మీద పడింది. వంద మందిలో ఒకరి దగ్గర కూడా లేని ఏర్పాటు కోసం నెలల తరబడి పనిచేసే స్టూడియోలు తక్కువే.

కంపెనీలు కూడా వెనక్కి తగ్గాయి. ఆర్‌ఎక్స్ 5700 కార్డులకు 2019లోనే ఏఎండీ క్రాస్‌ఫైర్ ఇవ్వలేదు. ఆర్‌టీఎక్స్ 30 శ్రేణి గేమింగ్ కార్డుల్లో జోడీ కనెక్టర్ 3090, 3090 టీఐలకే మిగిలింది, 40 శ్రేణిలో అదీ పోయింది. 2021 జనవరి 1 నుంచి ఆర్‌టీఎక్స్ 20, అంతకు ముందు కార్డులకు కొత్త ఎస్‌ఎల్‌ఐ ప్రొఫైళ్లు రాయబోమని ఎన్‌విడియా ప్రకటించింది. అంటే ఆ తేదీ తర్వాత వచ్చిన గేమ్‌లో మీ రెండో కార్డు పడుకుని ఉంటే తప్పు మీ సెట్టింగుల్లో లేదు.

## దేన్నిబట్టి నిర్ణయించాలి

మీరు ఆడే గేముల వయసు. అన్నిటికంటే ముందు చూడాల్సింది ఇదే. జీటీఏ 5, ది విచర్ 3 లాంటి 2015 నాటి డైరెక్ట్‌ఎక్స్ 11 గేముల్లో జోడీ బాగా పనిచేస్తుంది. అయితే విచర్ 3కి 2022 డిసెంబరులో వచ్చిన డైరెక్ట్‌ఎక్స్ 12 రూపంలో కాదు, పాత డైరెక్ట్‌ఎక్స్ 11 రూపంలో తెరవాలి. గేమ్‌లోనే రెండు కార్డుల ఏర్పాటు రాసి ఇచ్చినవీ కొన్ని ఉన్నాయి: షాడో ఆఫ్ ది టూంబ్ రైడర్, స్ట్రేంజ్ బ్రిగేడ్, స్నైపర్ ఎలీట్ 4, వల్కన్‌లో రెడ్ డెడ్ రిడెంప్షన్ 2. సైబర్‌పంక్ 2077, ఎల్డెన్ రింగ్, కౌంటర్ స్ట్రైక్ 2 లాంటివాటిలో రెండో కార్డు మీద ఆశ పెట్టుకోకండి.

ఫ్రేముల మధ్య దూరం. సగటు ఎఫ్‌పీఎస్ చూసి మోసపోవడం ఇక్కడే. ఒక ఫ్రేమ్ 5 మిల్లీసెకన్లకు, తర్వాతిది 17 మిల్లీసెకన్లకు, మళ్లీ 5, మళ్లీ 17 వస్తున్నాయనుకోండి. సగటు 11 మిల్లీసెకన్లు, కౌంటర్ 90 అని చూపిస్తుంది. కంటికి మాత్రం ఆ 17 మిల్లీసెకన్ల ఆగుళ్లే తెలుస్తాయి, అది 59 ఎఫ్‌పీఎస్ లాగే ఉంటుంది. దీన్నే మైక్రో స్టటర్ అంటారు, జోడీలకు పుట్టుకతో వచ్చిన జబ్బు ఇది. నిలకడగా 60 ఇచ్చే ఒక్క కార్డు ఇలాంటి 90 కన్నా హాయిగా ఉంటుంది.

కార్డు మెమరీ. 11 జీబీ కార్డులు రెండు పెడితే గేమ్‌కు 22 జీబీ రాదు. ఎస్‌ఎల్‌ఐలో అదే సమాచారం రెండింటిలోనూ నకలుగా ఉంటుంది, కాబట్టి గేమ్‌కు దొరికేది 11 మాత్రమే. 4 జీబీ కార్డుల జోడీ కొత్త గేముల్లో చతికిలబడటానికి అసలు కారణం చాలాసార్లు ఇదే.

కరెంటు, వేడి. ఒక్క 1080 టీఐ 250 వాట్లు తీసుకుంటుంది, రెండంటే కార్డులకే 500. రోజుకు 4 గంటలు ఆడితే రెండో కార్డు ఒక్కటే నెలకు దాదాపు 30 యూనిట్లు. మన ఇళ్లలో మామూలుగా కనిపించే 600 వీఏ యూపీఎస్ చాలావరకు 360 వాట్లే మోయగలదు, అంటే ఈ పీసీకి అది ఉన్నా లేనట్టే. ఇక మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ఏసీ లేని గదిలో, కింది కార్డు వదిలిన వేడి గాలినే పై కార్డు పీల్చుకుంటుంటే అది వేగం తగ్గించుకోక తప్పదు. 10 శ్రేణి కార్డులు సాధారణంగా 84 డిగ్రీల దగ్గర తమను తాము అదుపు చేసుకుంటాయి, అంతకు ముందు నుంచే కొంచెం కొంచెంగా క్లాక్ దించుతూ వస్తాయి.

డ్రైవర్ భవిష్యత్తు. జీటీఎక్స్ 900, 10 శ్రేణులకు 2025 అక్టోబరుతో గేమ్ రెడీ డ్రైవర్లు (కొత్త గేముల కోసం సరిచేసినవి) ఆగిపోయాయి. 2028 అక్టోబరు దాకా భద్రతా అప్‌డేట్లు మాత్రం వస్తాయి. ఏఎండీ ఆర్9 200, 300, ఫ్యూరీ కార్డులకు 2021 జూన్‌లోనే మద్దతు ముగిసింది. దీన్ని సరిచేసే సెట్టింగ్ ఏదీ లేదు.

## ఒక గంట పరీక్ష

ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్, దానితో వచ్చే రివాట్యూనర్ వేసుకోండి. స్క్రీన్ మీద ఎఫ్‌పీఎస్‌తో పాటు ఫ్రేమ్ టైమ్ గ్రాఫ్, రెండు కార్డుల వాడకం, ఉష్ణోగ్రత, మెమరీ, ప్రాసెసర్ వాడకం కనిపించేలా పెట్టండి. మీరు నిజంగా ఎక్కువగా ఆడే గేముల్లో ఒకే చోట, ఒకే సెట్టింగులతో రెండుసార్లు చూడండి: ఎస్‌ఎల్‌ఐ ఆన్‌లో ఒకసారి, ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్‌లో దాన్ని డిసేబుల్ చేసి ఒకసారి. కార్డు ఊడదీయాల్సిన పని లేదు.

ఏం కనిపిస్తే ఏమిటి అర్థమో చూద్దాం.

ఒక్క కార్డుతో ఎఫ్‌పీఎస్ అంతే ఉన్నా, పెరిగినా ఆ గేమ్‌కు జోడీ దండగ. జోడీతో ఎఫ్‌పీఎస్ పెరిగినా గ్రాఫ్ రంపం పళ్లలా ఉంటే మైక్రో స్టటర్, దాన్ని కొంతవరకు సరిచేయవచ్చు. మెమరీ అంచుల దాకా నిండి అప్పుడప్పుడు పెద్ద ఆగుళ్లు వస్తుంటే టెక్స్‌చర్ సెట్టింగ్ ఒక మెట్టు దించండి, రెండో కార్డు ఈ విషయంలో సాయం చేయలేదు.

రెండు కార్డులూ 50, 60 శాతం దగ్గరే తిరుగుతుంటే గేమ్ రిజల్యూషన్ తగ్గించి చూడండి. అప్పుడు కూడా ఎఫ్‌పీఎస్ పెరగకపోతే అడ్డం పడుతున్నది ప్రాసెసర్. ఐ7-4790కే, ఐ7-7700కే రోజుల నాటి పీసీల్లో ఇది తరచూ జరుగుతుంది. 1080పీ మానిటర్‌కు రెండు 1080 టీఐలు పెట్టినవాళ్లయితే చాలావరకు ఈ గోడకే తలబాదుకుంటున్నారు. ఈ ఒక్క సంగతి తెలియక కొత్త గ్రాఫిక్స్ కార్డు కొని, అదే ఎఫ్‌పీఎస్ చూసి తల పట్టుకున్నవాళ్లున్నారు.

## దారి 1: జోడీని సరిచేసుకోవడం

పరీక్షలో మీ గేములు జోడీకి స్పందిస్తున్నాయని తేలితేనే ఈ శ్రమ పడండి. అలా తేలితే మాత్రం శ్రమకు ఫలితం ఉంటుంది.

డ్రైవర్‌తో మొదలుపెట్టండి. డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్ అనే ఉచిత టూల్‌ను సేఫ్ మోడ్‌లో నడిపి పాతదంతా తుడిచేసి, కొత్తగా ఒక్కసారి వేయండి. ఏళ్ల తరబడి ఒకదాని మీద ఒకటి వేసిన డ్రైవర్లు జోడీలను చాలా ఇబ్బంది పెడతాయి.

తర్వాత స్లాట్లు. మామూలు ఇంటెల్ బోర్డుల్లో ప్రాసెసర్ ఇచ్చే 16 లేన్లను (డేటా దారులను) రెండు కార్డులు చెరో 8 పంచుకుంటాయి. ఎస్‌ఎల్‌ఐకి చెరో 8 తప్పనిసరి. క్రాస్‌ఫైర్ 4 లేన్ల స్లాట్‌లోనూ నడుస్తుంది, కానీ కుంటుతుంది. కార్డు వివరాలు చూపే జీపీయూ-జడ్ అనే టూల్‌లో బస్ ఇంటర్‌ఫేస్ వరుస చూడండి. ఖాళీగా ఉన్నప్పుడు కార్డు లింకు వేగాన్ని తగ్గించి చూపిస్తుంది కాబట్టి పక్కనున్న ప్రశ్న గుర్తు నొక్కి రెండర్ టెస్ట్ నడిపి, అప్పుడు అంకె చదవండి. కొన్ని బోర్డుల్లో ఎం.2 ఎస్‌ఎస్‌డీ పెడితే రెండో స్లాట్ లేన్లు తగ్గిపోతాయి, ఆ సంగతి బోర్డు మాన్యువల్‌లో ఉంటుంది.

10 శ్రేణి కార్డులైతే రెండింటినీ పైన కలిపే బ్రిడ్జ్ కూడా చూడండి. పాత మెత్తటి రిబ్బన్ బ్రిడ్జ్ 1080పీకి, 60 హెర్ట్జ్ 1440పీకి సరిపోతుంది. అంతకు మించిన 1440పీకి, 4కేకి హెచ్‌బీ లాంటి గట్టి బ్రిడ్జ్ ఉంటే మంచిది, అది లేకపోతే తడబాటు పెరగవచ్చు.

గేమ్ లోపల ఎక్స్‌క్లూజివ్ ఫుల్‌స్క్రీన్ పెట్టండి. బోర్డర్‌లెస్ విండోలో ఎస్‌ఎల్‌ఐ పనిచేయదు, "రెండో కార్డు ఎందుకు పడుకుంది" అన్న ప్రశ్నకు సగం జవాబు ఇదే. టీఏఏ బదులు వేరే యాంటీ-అలియాసింగ్ ఉంటే దానికి మారండి, మోషన్ బ్లర్ ఆపేయండి.

అన్నిటికంటే ఎక్కువ తేడా తెచ్చేది ఫ్రేమ్ క్యాప్, అంటే ఎఫ్‌పీఎస్‌కు పెట్టే పై హద్దు. జోడీ 75 నుంచి 110 మధ్య ఊగుతుంటే రివాట్యూనర్‌లో 70 దగ్గర కట్టేయండి. గ్రాఫ్‌లో రంపం పళ్లు చాలావరకు చదునవుతాయి. పైన కనిపించే పెద్ద అంకె పోతుంది, ఆట మెరుగవుతుంది. ఈ మార్పిడికి మనసు ఒప్పుకోనివాళ్లు కూడా ఒక్కసారి ఆడి చూస్తే వెనక్కి వెళ్లరు.

వేడి కోసం రెండు కార్డుల మధ్య ఒక స్లాట్ ఖాళీ ఉండేలా చూడండి. ఆఫ్టర్‌బర్నర్‌లో పవర్ లిమిట్ 75, 80 శాతానికి దించండి. వేగం తగ్గేది కొంచెమే, వేడి తగ్గేది చాలా. ఎన్‌విడియా ప్రొఫైల్ ఇన్‌స్పెక్టర్‌తో ఒక గేమ్ ప్రొఫైల్‌ను అదే ఇంజిన్ మీద తయారైన ఇంకో డైరెక్ట్‌ఎక్స్ 11 గేమ్‌కు తగిలించే ఉపాయం కూడా ఉంది. ఓపిక ఉంటే ప్రయత్నించండి, బొమ్మ మినుకుమినుకుమంటే పాత స్థితికి తెచ్చేయండి.

## దారి 2: ఒకదాన్ని ఆపేయడం

ఖర్చు సున్నా. ఎస్‌ఎల్‌ఐ డిసేబుల్ చేసి వారం రోజులు ఆడండి. తడబాటు పోయిందా, గదిలో ఉక్క తగ్గిందా, ఫ్యాన్ల హోరు తగ్గిందా గమనించండి. బాగుందనిపిస్తే రెండో కార్డును భౌతికంగా కూడా తీసేయండి. ఊరికే కూర్చున్న కార్డు కూడా కొంత కరెంటు తింటుంది, పై కార్డుకు గాలి అడ్డుతుంది. తీసేస్తే మొదటి కార్డుకు 16 లేన్లూ దొరుకుతాయి.

1080పీలో, 60 హెర్ట్జ్ మానిటర్ మీద ఆడేవాళ్లకు ఒక్క 1080 టీఐ ఇప్పటికీ చాలా గేములకు సరిపోతుంది. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ లాంటి పోటీ ఆటలు ఆడేవాళ్లకైతే రెండో మాటే లేదు. ఒకదాని తర్వాత ఒకటి ఫ్రేములు వరుస కట్టే పద్ధతిలో మౌస్ కదలిక తెర మీదకు రావడం ఆలస్యమవుతుంది, గురి తప్పేది అక్కడే.

## దారి 3: రెండో కార్డుకు వేరే ఉద్యోగం

నలుగురూ పట్టించుకోని దారి ఇదే, నాకు అన్నిటికంటే ఆసక్తికరంగా అనిపించేదీ ఇదే. ఎస్‌ఎల్‌ఐ ఆపేసి, రెండు కార్డులనూ వేర్వేరు పనివాళ్లుగా చూడండి.

స్టీమ్‌లో దొరికే లాస్‌లెస్ స్కేలింగ్ అనే చిన్న సాఫ్ట్‌వేర్‌లో ఫ్రేమ్ జెనరేషన్ ఉంది. గేమ్‌ను ఒక కార్డు గీస్తుంది, మధ్యలో కల్పించే ఫ్రేములను రెండో కార్డు తయారుచేస్తుంది. దీనికి కార్డులు ఒకే రకం కానక్కర్లేదు, ఒకటి ఎన్‌విడియా, ఒకటి ఏఎండీ అయినా నడుస్తుంది. మానిటర్ కేబుల్ రెండో కార్డుకు పెట్టాలి, గేమ్ మొదటి కార్డు మీద నడిచేలా విండోస్ గ్రాఫిక్స్ సెట్టింగుల్లో చెప్పాలి. విండోస్ 11లో ఈ ఎంపిక సులువు. అసలు గేమ్ నిలకడగా 60 ఎఫ్‌పీఎస్ దగ్గర ఉంటేనే ఫలితం బాగుంటుంది. 30 ఉన్నదాన్ని 60 చేస్తే చూడటానికి సాఫీగా ఉన్నా చేతికి బరువుగానే ఉంటుంది, ఎందుకంటే కల్పిత ఫ్రేములు మౌస్ ఆలస్యాన్ని తగ్గించవు, కొంచెం పెంచుతాయి. రెండో స్లాట్ ఇరుకైతే 4కేలో ఫ్రేములు అటు చేరడమే కష్టమవుతుంది.

త్రీడీ బొమ్మలు చేసే బ్లెండర్ వాడేవాళ్లకు జోడీ వరమే. సైకిల్స్ రెండర్ రెండు కార్డులనూ ఎస్‌ఎల్‌ఐ లేకుండానే వాడుకుంటుంది, సమయం దాదాపు సగానికి వస్తుంది. సీన్ మాత్రం ఒక్కో కార్డు మెమరీలో పట్టాలి. సొంత పీసీ మీద ఏఐ భాషా నమూనాలు నడిపేవాళ్లకు ఇంకా మేలు: ల్లామా.సీపీపీ లాంటివి నమూనాను రెండు కార్డులకు పంచుతాయి కాబట్టి అక్కడ 11, 11 కలిసి నిజంగానే 22 జీబీ అవుతుంది. ఒక హెచ్చరిక, ఇలాంటి లెక్కలకు వాడే ఎన్‌విడియా సీయూడీఏ (CUDA) 13 నుంచి పాస్కల్ (10 శ్రేణి) కార్డులకు చోటు లేదు, పాత వెర్షన్ల మీదే ఉండాలి.

స్ట్రీమింగ్ కోసం రెండో కార్డు పెట్టుకుంటే గేమ్ వేగం పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. అంత లాభం ఉండదు. ఫ్రేమ్‌ను ఒక కార్డు నుంచి ఇంకోదానికి నకలు చేయడమే భారమవుతుంది. గేమ్ నడిపే కార్డులో వీడియో ఎన్‌కోడింగ్ కోసమే ఉన్న ఎన్వెంక్ భాగమే ఆ పనిని తేలిగ్గా చేసేస్తుంది.

కొత్త 50 శ్రేణి కార్డు కొని పాత 1080 టీఐని సహాయకుడిగా ఉంచుకుందామంటే ఒక చిక్కు. విండోస్‌లో రెండు ఎన్‌విడియా కార్డులూ ఒకే డ్రైవర్ మీద నడవాలి. పాస్కల్‌కు చివరి డ్రైవర్ శాఖ 580 కాబట్టి కొత్త కార్డు కూడా అక్కడే ఆగిపోతుంది. సహాయకుడు ఏఎండీ కార్డైతే ఈ బాధ ఉండదు.

## దారి 4: రెండూ అమ్మి ఒకటి కొనడం

ఆర్‌టీఎక్స్ 4060 వేగం దాదాపు ఒక 1080 టీఐ స్థాయి, కొన్ని గేముల్లో కొంచెం పైన. తీసుకునే కరెంటు 115 వాట్లే. అంటే జోడీ పీల్చే 500 వాట్లలో నాలుగో వంతు కూడా కాదు. పైగా డీఎల్‌ఎస్‌ఎస్ (ఏఐతో బొమ్మ పెంచి వేగం ఇచ్చేది), రే ట్రేసింగ్ (కాంతి కిరణాలను లెక్కగట్టి గీసేది) వస్తాయి. ఇండియానా జోన్స్ అండ్ ది గ్రేట్ సర్కిల్, డూమ్: ది డార్క్ ఏజెస్ గేములకు రే ట్రేసింగ్ హార్డ్‌వేర్ తప్పనిసరి, 1080 టీఐలు రెండు కాదు, నాలుగున్నా అవి నడవవు. ఇలాంటి గేములు ఇకపై పెరుగుతాయే తప్ప తగ్గవు.

అయితే 1080 టీఐకి 11 జీబీ మెమరీ ఉంది, 4060కి 8 మాత్రమే. జోడీ వదిలి 8 జీబీ కార్డుకు వెళ్లమని నేను ఎవరికీ చెప్పను. 12 జీబీ ఉన్న ఆర్‌టీఎక్స్ 4070, 16 జీబీ ఉన్న ఆర్‌టీఎక్స్ 5060 టీఐ, ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ వైపు చూడండి. చివరి రెండింటికీ 8 జీబీ రకాలు కూడా ఉన్నాయి, పెట్టె మీద అంకె చూసుకోండి.

పాత బోర్డు ఉన్నవాళ్లు ఇంకో సంగతి గమనించాలి. 4060, 5060 టీఐ లాంటివి 8 లేన్లే వాడతాయి. పీసీఐఈ 3.0 (పాత తరం స్లాట్) బోర్డులో, ముఖ్యంగా మెమరీ నిండినప్పుడు అవి కొంత వేగం కోల్పోతాయి. 4070, 9060 ఎక్స్‌టీ పూర్తి 16 లేన్లు వాడతాయి కాబట్టి పాత బోర్డుకు అవే నయం. ఇంటెల్ ఆర్క్ బీ580 ధరకు తగ్గ కార్డే, కానీ రీసైజబుల్ బార్ (ప్రాసెసర్ కార్డు మెమరీ మొత్తాన్ని ఒకేసారి అందుకునే సదుపాయం) లేని పాత పీసీలో దాని బలం బాగా తగ్గిపోతుంది. అక్కడ దాన్ని పెట్టకండి.

## ఒక్క చూపులో

| | జోడీ సరిచేయడం | ఒకటి ఆపడం | రెండోదానికి వేరే పని | అమ్మి కొత్తది |
|---|---|---|---|---|
| ఖర్చు | బ్రిడ్జ్ కొంటే కొంచెం | లేదు | దాదాపు లేదు | ఎక్కువ |
| 2018కి ముందు గేములు | చాలావాటిలో లాభం | సరిపోతుంది | సరిపోతుంది | బాగుంటుంది |
| 2021 తర్వాత గేములు | లాభం లేదు | సెట్టింగులు తగ్గించాలి | ఫ్రేమ్ జెనరేషన్‌తో కొంత ఊరట | బాగుంటుంది |
| నిలకడ | క్యాప్ పెడితే పర్వాలేదు | బాగుంటుంది | బాగుంటుంది, కొంచెం ఆలస్యం | చాలా బాగుంటుంది |
| వేడి, కరెంటు | అత్యధికం | సగం | పనిని బట్టి | అతి తక్కువ |
| పట్టే ఓపిక | చాలా | లేదు | మధ్యస్థం | కొనేటప్పుడు మాత్రమే |

## ఎవరికి ఏది

పాత గేములను 4కేలో ఆడుకునేవాళ్లకు, పీసీని విప్పి బిగించడంలోనే ఆనందం పొందేవాళ్లకు మొదటి దారి. వాళ్లు ఈ జోడీని అమ్మితే వచ్చే డబ్బు కన్నా దానితో పొందే సంతోషమే ఎక్కువ.

హాస్టల్‌లోనో అద్దె గదిలోనో ఉండే విద్యార్థులకు రెండో దారి. ఇప్పుడు ఒక కార్డు ఆపేయండి, అమ్మి ఆ డబ్బు పక్కన పెట్టుకోండి, తర్వాత మొదటిదాన్ని కూడా కలిపి కొత్తదానికి వెళ్లండి. పాత కార్డుల ధర రోజురోజుకూ పడిపోయేదే కాబట్టి ఆలస్యం చేయకండి.

పగలు ఎడిటింగ్, త్రీడీ, కోడింగ్ చేసి రాత్రి గేమ్ ఆడేవాళ్లకు మూడోది. వాళ్లకు రెండు కార్డులూ సంపాదించి పెట్టే ఆస్తి.

కొత్త గేములు వచ్చిన వారంలోనే ఆడాలనుకునేవాళ్లు నాలుగో దారి తప్ప ఇంకోటి ఆలోచించవద్దు. పరీక్షలో ప్రాసెసర్ అడ్డం పడుతోందని తేలినవాళ్లు మాత్రం ముందు ప్రాసెసర్, బోర్డు, ర్యామ్ మార్చాలి. కార్డు ఆ తర్వాత. విండోస్ 10 మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కాబట్టి, 7700కే వయసు పీసీలకు ఆ మార్పు ఎలాగూ తలుపు తడుతోంది.

అమ్మాలని నిర్ణయించుకుంటే రెండింటినీ విడివిడిగా అమ్మండి, జోడీగా కొనేవాళ్లు ఇప్పుడు అరుదు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట పాత కార్డులు చేతులు మారుతూనే ఉంటాయి. వెళ్లేముందు దుమ్ము దులిపి, ఒక్కో కార్డును విడిగా అరగంట గేమ్‌లో నడిపి, ఉష్ణోగ్రత కనిపించేలా వీడియో తీసి పెట్టుకోండి. వాడిన కార్డు కొనడానికి వెళ్లేవాళ్లూ అదే అడగాలి. షాపులో పీసీకి బిగించి, 10 నిమిషాలైనా లోడ్ పెట్టి, ఫ్యాన్ల శబ్దం విని, జీపీయూ-జడ్‌లో పేరు, మెమరీ సరిచూసుకుని, ఆ తర్వాతే డబ్బులివ్వండి. క్రిప్టో మైనింగ్‌లో నలిగిన కార్డులో ముందు పోయేవి ఫ్యాన్లు, మెమరీ చిప్పుల మీది థర్మల్ ప్యాడ్లు. ఫ్యాన్ గరగరలాడుతుంటే ఆ ఖర్చు ధరలో తగ్గించమని అడగడానికి మొహమాటపడకండి.